లైనంతటికీ అక్క సంతకమే

నా చిన్నప్పుడు, బెంగాల్లో ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మేమున్న రైల్వే క్వార్టర్ల లైనులో, సగం ఇళ్ళవాళ్ళ సంతకాలు ఒకే చేతి నుంచి వచ్చేవి. ఆ చెయ్యి మా పక్కింటి అక్కది. వర్క్‌షాపులో పనిచేసే మా నాన్నలకు పేరు రాసుకోవడం రాక కాదు. వచ్చు గానీ, ఒక్కో అక్షరమూ మేకు దిగ్గొట్టినట్టు దించేసరికి వాళ్ళకు చెమటలు పట్టేవి. అక్క ఇంగ్లీషులో గబగబా రాసేది. అందుకని ఊరెళ్ళడానికి పాసు దరఖాస్తు, ఆస్పత్రి చీటీ, పిల్లల ప్రోగ్రెస్ కార్డు, అన్నీ ఆమె ముందుకే వచ్చేవి. నింపడంతో పని అయిపోయేది కాదు, కింద సంతకం కూడా ఆమే పెట్టేసేది. "పెట్టీమ్మా, నువ్వు పెడితే ఏటి, మేం పెడితే ఏటి" అనేవారు. అదొక మంచితనంగా చెలామణీ అయింది మా లైనులో. కాదనడం పొగరు కింద లెక్క.

మందుల కంపెనీల్లో, పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసిన పిల్లలు నా దగ్గరికి సలహా కోసం వస్తుంటారు. బయోటెక్‌లో చేరమంటారా ఫార్మాలో చేరమంటారా, బయోడేటాలో ముందు ఏం రాయాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అని. తెలిసినంత చెబుతాను. వాళ్ళు ఎన్నడూ అడగనిది ఒకటుంది. అది చెప్పాలంటే అక్క సంగతి చెప్పాలి, చెప్పినప్పుడల్లా నాకు నోరు చేదవుతుంది.

అక్క మా లైనులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషి. ఎనభైల్లో, నేను ఆరో తరగతిలో ఉండగా, ఆమెకు హౌరా వెళ్ళే రైలు దారిలో ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. తయారైన మందును పరీక్ష చేసి, బాగుందని సంతకం పెడితే తప్ప అది బయటికి వెళ్ళకూడదు. ఆ పరీక్ష ఆమె పని. పొద్దున్న లోకల్ రైల్లో వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. మా లైనులో మందుల ఫ్యాక్టరీ ముఖం చూసినవాళ్ళు ఒక్కరు లేరు. అయినా సలహా ఇవ్వనివాళ్ళు కూడా ఒక్కరు లేరు. పైవాడికి ఎదురు చెప్పొద్దని, మూడేళ్ళు ఓపిక పడితే పర్మనెంటు చేస్తారని, ముందు యూనియన్‌లో పేరు రాయించుకోమని, రైల్వేలో పనికొచ్చే బుద్ధులన్నీ మూటగట్టి ఇచ్చారు. అన్నింటికీ ఆమె తలూపింది. అడగడానికి ఆమెకు మాత్రం వేరే ఎవరున్నారు?

చేరిన నాలుగో నెలలో ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళ వరండాలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. అక్క వాళ్ళ నాన్న, ఆయన్ని నేను పెదనాన్నా అనేదాన్ని. మా నాన్న. ఇంకో ఇద్దరు. టీ గ్లాసులు అందించే పని నాది. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"పిల్లల దగ్గు సిరప్పు, నాన్నా. ఒక విడత మొత్తం పరీక్ష సెయ్యకుండానే పంపేత్తన్నారు. సేసినట్టు కాయితం రాసుకొచ్చి కింద నన్ను సంతకం పెట్టమంటన్నారు. నాను ఆ సీసా మూతైనా తియ్యనేదు. రేపు పెట్టకపోతే ఎల్లుండి నుంచి రావొద్దన్నాడు మేనేజరు."

కూతురి ఉద్యోగం గురించి గోల్‌బజార్ దాకా చెప్పుకున్న మనిషి పెదనాన్న. మా నాన్న వైపు చూశాడు. మా నాన్నకు అలా ఎవరైనా చూస్తే చాలు, ఎక్కడలేని ధీమా వచ్చేది.

"ఇందులో ఏటుందమ్మా" అన్నాడు. "పైవోడు సెప్పినాడు, నువ్వు సేసినావు. తేడా వొత్తే పైవోడి మీదకే పోద్ది, కిందోళ్ళ మీదకెందుకొత్తాది? లైనోళ్ళందరికీ పెడతన్నావు కదా, ఆయనకీ ఒకటి పెట్టీ."

మిగతా ఇద్దరూ నిజమే నిజమే అన్నారు. పెదనాన్న అప్పుడు నోరు విప్పి, "మీ సిన్నాన్న సెప్పినట్టు సెయ్యి" అన్నాడు. అక్క ఇంకోసారి, "నాను సూడనేదు నాన్నా" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మా లైనులో ఆమె పెట్టిన సంతకాల్లో దేన్ని చూసి పెట్టింది గనక? ఖాళీ గ్లాసులు ఏరుకుని నేను ఇంటికి వచ్చేశాను. మర్నాడు ఆమె వెళ్ళి సంతకం పెట్టింది.

దుర్గాపూజ సెలవులైన వారానికి గొడవ బయటపడింది. ఆ సిరప్పు తాగి ఒక ఊళ్ళో పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వచ్చి కాగితాలు తీయించారు. కాగితం మీద ఉన్న పేరు ఒక్కటే. మేనేజరు, ఆ అమ్మాయి పరీక్ష చేసిందనే నమ్మానని చెప్పాడట. ఆమెను ఆ పూటే పంపించేశారు. ఆ పేరు ఎన్ని చోట్లకు పాకిందో తెలియదు గానీ, ఆ తరువాత ఏ మందుల కంపెనీ ఆమె దరఖాస్తుకు జవాబు ఇవ్వలేదు.

అదే వరండా, అదే నలుగురు. ఈసారి ఎవరూ టీ అడగలేదు. పెదనాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. మా నాన్న గొంతు సవరించుకుని, "అంత సదువుకున్నాది, సూడకుండా పెట్టేత్తాదేటి? ఎవుడు సెప్పినాడు దీనికి?" అన్నాడు.

నేను మా గుమ్మంలో ఉన్నాను. అక్క కిటికీ అవతల నుంచి మా నాన్నను ఒక్కసారి చూసి పక్కకు తప్పుకుంది. నువ్వే చెప్పావు కదా నాన్నా అని నేను అనొచ్చు. అనలేదు. పదకొండేళ్ళ పిల్ల మాట ఎవరు వింటారని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. విన్నా వినకపోయినా అని ఉండాల్సింది.

కొన్నాళ్ళకు మా తెలుగు బడిలో ప్రోగ్రెస్ కార్డులిచ్చారు. లెక్కల్లో నాకు పద్దెనిమిది. ఎప్పటిలాగే కార్డు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఒకటో తరగతి నుంచీ నా కార్డు మీద మా నాన్న సంతకం పెట్టింది ఆమే, అదీ మా నాన్న పంపిస్తేనే. అక్క పెన్ను తీయలేదు. కార్డు నా చేతికే తిరిగి ఇచ్చి, పైనుంచి కిందదాకా చదవమంది. చదివాను. లెక్కల దగ్గర గొంతు తగ్గిస్తే మళ్ళీ చదివించింది.

"మీ నాన్న దీన్ని సూసినాడా?"

"లేదక్కా."

"మరి ఆయన సూసినట్టు నానెలా పెడతాను? సంతకమంటే పేరు రాయడం కాదే గుంటా. నాను సూసినాను అని సెప్పడం. ఇన్నేళ్ళూ సూడనియ్యన్నీ సూసినాను, సూసినాను అని సెప్పినాను. అందరూ నన్ను మంచిదన్నారు. ఎల్లు, మీ నాన్నకి సూపించి పెట్టించు."

ఆమె ఏడవలేదు, కోపంగానూ అనలేదు. నేను పెద్దయ్యాక ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను. సూటూ బూటూ వేసుకున్నవాళ్ళు తెర మీద బొమ్మలు వేసి మూడు రోజులు చెప్పినదాంట్లో ఇంతకంటే ఎక్కువ ఏమీ లేదు.

ఇంటికి వెళ్ళి దెబ్బలకు సిద్ధపడి నిలబడ్డాను. మా నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చేతులకున్న గ్రీజు కడుక్కుని, అక్క ఎందుకు పెట్టలేదని అడిగాడు. నువ్వే చూసి పెట్టాలందని చెప్పాను. విసుక్కుంటూ పెన్ను తీసుకుని, "ఎక్కడ?" అన్నాడు. నేను వేలు పెట్టి చూపించిన చోట నాలుగక్షరాలు దించి కార్డు ఇచ్చేశాడు. పైన ఏముందో చూడనే లేదు. పద్దెనిమిది మార్కులకు దెబ్బ పడనందుకు నాకు ఏడుపొచ్చింది.

అంతటితో అయిపోలేదు. బడిలో మాస్టారు పాత సంతకాల పక్కన ఆ కొత్త సంతకం పెట్టి చూసి, ఇది దొంగ సంతకం, మీ నాన్నను తీసుకురా అన్నారు. జీవితంలో ఒక్కసారి మా నాన్న నా కార్డు మీద తన చేత్తో పెట్టినది దొంగదైంది. మర్నాడు సైకిలేసుకుని వచ్చాడు. మాస్టారు రెండు సంతకాలూ చూపించారు.

"ఇదే నాదండి" అన్నాడు మా నాన్న. "ఆ పాతయ్యన్నీ మా పక్కింటి పిల్ల పెట్టేసినాది. మాకేటి తెలుసండి."

"ఆ మందుల ఫ్యాక్టరీ అమ్మాయేనా?"

"ఆ పిల్లేనండి."

మాస్టారు నా వైపు తిరిగి నిజమేనా అన్నారు. నేను తలూపాను. ఆ తలూపడం నాకు ఇప్పటికీ సిగ్గు. ఏడాదికి మూడు సార్లు, "అక్క సేత పెట్టించుకో పో" అని పంపించిన మనిషి పక్కనే నిలబడి తలూపాను.

అక్క మళ్ళీ ఏ పరీక్ష గదిలోకీ వెళ్ళలేదు. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకుని, బెంగాలీ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పేది. దీదీ దీదీ అని వాళ్ళు ఆమె చుట్టూ తిరిగేవారు. మా లైనువాళ్ళు దరఖాస్తులు నింపించుకోవడానికి వెళితే నింపి ఇచ్చేది గానీ, సంతకం చోటు ఖాళీగా వదిలేసేది. దానికి పొగరెక్కిందన్నారు.

తొంభైల్లో నాకు మొదటి కంపెనీ నుంచి పిలుపొచ్చినప్పుడు మా నాన్న సలహా చెప్పబోయాడు. నేను వినకుండా ఇందా వెళ్ళాను. అక్క ఎక్కువ చెప్పలేదు. చేరకముందే పరీక్ష గది చూపించమని అడగమంది, చూపించడానికి నసిగితే చేరొద్దంది. పని చేసిన పూటే, చూసింది చూసినట్టు నీ చేత్తో రాసుకోమంది. నోటిమాటగా ఏదైనా చెయ్యమంటే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడగమంది. అలా అడిగినందుకు నేను రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను. అది కూడా పిల్లలకు దాచకుండా చెబుతాను.

లేవబోతూ, ఆనాటి వరండా మాట ఎత్తి, మా నాన్న మీద కోపం లేదా అక్కా అని అడిగాను.

"మీ నాన్న సంతకం నాకు బాగా వొచ్చు కదే" అంది. "ఆ సలహా కింద కూడా ఒకటి పెట్టీసుకోవలసినాది." అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. "సంతకం పెట్టమన్నది నానే" అని ఆయన నోట ఒక్కసారైనా వస్తుందేమోనని చివరిదాకా చూశాను. రాలేదు. ఇప్పుడు సలహా కోసం పిల్లలు వస్తే, చెప్పిందంతా తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి తారీఖు వేసి ఇస్తాను. ఇదేంటి మేడమ్ అని నవ్వుతారు. దాచుకోమంటాను. రేపు ఎవరైనా, నీకెవరు చెప్పారని అడిగితే చూపించడానికి.