గోగు చేలో పని అడిగినవాడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. గజపతినగరం అవతల మా పుట్టినూరు. మా పొలానికి వల్లకాడు పక్క నుంచే దారి. పొద్దుగూకాక కూడా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే ఆ దారిన వచ్చేదాన్ని. చచ్చినవాళ్ల వల్ల నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. బతికున్నవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలని మా అమ్మ చెప్పేది. నేనూ అదే నమ్మాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నూ ఆ కథలవాళ్లలో కలిపేస్తారని.

నన్ను చీపురుపల్లి దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మెట్ట వ్యవసాయం. నారకి గోగు, అంబలికి చోళ్లు, చెరువు కింద కాస్త వరి. ఇంట్లో మా అత్త, మా ఆయన, ఆయన అన్న సింహాచలం బావగారు. మా మావ అప్పటికే పోయాడు.

బావగారు మిలిటరీలో చేసి వచ్చారు. అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు పంజాబు సరిహద్దులో ఉన్నారు. ఎడమ భుజంలో గుండు దిగి ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది. చచ్చిపోయిన స్నేహితుణ్ణి కాల్పుల మధ్య నుంచి మోసుకొచ్చారని పతకం ఇచ్చి ఇంటికి పంపారు. చీపురుపల్లి స్టేషన్లో దిగిన రోజు డప్పులతో ఊరేగించారట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ సందడి అంతా సద్దుమణిగింది.

నాకు తెలిసిన బావగారు మాటాపలుకూ లేని మనిషి. వీధి అరుగు మీదే ఉండేవారు, అక్కడే పడుకునేవారు. నీళ్లు ఎవరి ఎదుటా తాగేవారు కాదు. చెంబు తీసుకుని గోడ వైపు తిరిగి తాగేవారు. జెండా పండగకి బడిలో మేష్టారు పిలిచి, పతకం పెట్టించి కుర్చీలో కూర్చోబెట్టేవారు. పిల్లలంతా సెల్యూట్ కొట్టేవాళ్లు. ఆ రోజు ఆయన అన్నం ముట్టేవారు కాదు. మా గోగు చేలోకి మాత్రం చచ్చినా దిగేవారు కాదు. పొలం వెళ్లాలంటే చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్లేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు అలాగే ఉంటారులే అనుకున్నాం.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, భాద్రపద మాసం. గోగు మనిషిని మించి ఎదిగి ఉంది. దాని అవతల చోడి చేలో కలుపు తీస్తున్నారు. కూలీలకి అంబలి పట్టుకెళ్లడం నా పని. కుండ నెత్తిన పెట్టుకుని గోగు పక్క గట్టు మీద నడుస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు.

చేలోంచి ఒక మగ గొంతు వినిపించింది. బాగా అలసిపోయిన గొంతు. పని అడుగుతున్నాడు. కూలికి తిరిగేవాళ్లు ఆ రోజుల్లో ఒడిశా వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. మాట కాస్త సాగదీసి అన్నాడు, వాళ్ల యాస అనుకున్నాను.

"పన్లేదు బాబూ, కలుపు అయిపోవచ్చింది. ఊల్లోకెల్లి అడుగు" అన్నాను.

మళ్లీ అదే మాట. నేను ఆగలేదు.

మర్నాడూ అంతే. అదే చోట, అదే మాట. ఈసారి కుండ దించి చేలోకి తొంగి చూశాను. గోగు కాడలకి ముళ్లుంటాయి. మనిషి కదిలితే ఆకులు గరగరలాడతాయి. ఒక్క ఆకు కదల్లేదు. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. అడుగు జాడ లేదు. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఆడమనిషిని చూసి ఎవడో ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే మా అత్తతో చెప్పాను. ఎవడో గోగులో దాక్కుని పని అడుగుతున్నాడు, మనిషి మాత్రం కనబడడు అన్నాను. ఆమె నవ్వింది. "దాక్కుని పనడిగినోడు ఎవుడే?" అంది. బావగారు గుమ్మం అవతల తింటున్నారు. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏటన్నాడు?" అని అడిగారు. తమ్ముడి భార్యనని నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడేవారు కాదు. అదే మొదటిసారి. "ఆడెలగన్నాడో అలగే అను."

నేను ఆ గొంతులాగే సాగదీసి అన్నాను. "పానీ... పానీ..."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

నేను అయిదో తరగతి వరకే చదివాను. మా ఊళ్లో గాని, అత్తవారి ఊళ్లో గాని హిందీ ముక్క మాట్లాడేవాళ్లు లేరు. బావగారు ఇంట్లో ఒక్క హిందీ మాట అనగా నేను వినలేదు. నిద్రలో కలవరించి ఉంటారు, అది నీ చెవిన పడి ఉంటుందని తర్వాత మా ఆయన అన్నారు. మేం పెరటి గదిలో, బావగారు వీధి అరుగు మీద. మధ్య రెండు గోడలు.

మర్నాడు మధ్యాహ్నం నేను కుండ ఎత్తుకునేసరికి బావగారు ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. నా వెనకే వచ్చారు. చెరువు గట్టు వైపు తిరగలేదు. గోగు పక్కకి రాగానే ఆగాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. దగ్గర నుంచే. నిన్నటికన్నా నీరసంగా.

"ఇనిపిస్తన్నాదా?" అన్నారు బావగారు.

"ఆఁ" అన్నాను.

ఆయన గట్టు మీద కూలబడ్డారు. చెంబు పక్కన పెట్టారు. "అది పని కాదు తల్లీ. నీల్లు. ఆడు నీల్లడుగుతన్నాడు. నా ఒక్కడి సెవిలోనే ఉన్నాదనుకున్నాను ఇన్నాల్లూ."

అప్పుడు చెప్పారు. నేను నిలబడే విన్నాను. నెత్తి మీద కుండ దించాలని కూడా తోచలేదు.

వాళ్ల ఎదురుగా చెరకు తోట, మా గోగులాగే మనిషిని మించి ఎదిగింది. అవతలి సిపాయి ఒకడు పొట్టలో దెబ్బ తగిలి ఆ తోటలో పడి ఉన్నాడు. తెల్లారిన దగ్గర నుంచి నీళ్లు అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ కదలొద్దని పైవాళ్ల ఆర్డరు. బావగారి పక్కన దానయ్య ఉన్నాడు. పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట అతనిది. ఇద్దరూ విజయనగరంలో ఒకే రోజు మిలిటరీలో చేరారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దానయ్య ఇక ఉండలేకపోయాడు. బావగారు చొక్కా పట్టుకుని ఆపారు.

"సముద్రంలో ఎవుడు మునుగుతున్నా సుట్టమా, పగోడా అని సూడం మాము. ఒగ్గీరా" అన్నాడట దానయ్య. నీళ్ల సీసా పట్టుకుని పాక్కుంటూ వెళ్లాడు.

ఆ సిపాయి తల ఒళ్లో పెట్టుకుని తాగించడం బావగారు చూశారు. అంతలో ఎక్కడి నుంచో గుండు వచ్చింది. దానయ్య అలాగే ముందుకి ఒరిగిపోయాడు. బావగారు లేచి పరిగెత్తారు. వెళ్లేసరికి దానయ్యలో ప్రాణం లేదు. ఆ సిపాయి బతికే ఉన్నాడు. మూతి తడిగా ఉంది. కుర్రవాడు. బావగారి ముఖంలోకి చూసి మళ్లీ పానీ అన్నాడు.

"తుపాకీ మడంతో కొట్టేను" అన్నారు బావగారు. "ఒక దెబ్బకి సావలేదు. సచ్చినదాకా కొట్టేను. అప్పుడు దానయ్యగాణ్ణి బుజానేసుకుని వచ్చీసేను. దారిలో ఈ సెయ్యి పోయింది. సావాసగాడి సవాన్ని ఒగ్గకుండా తెచ్చేడని అందరూ మెచ్చుకున్నారు. పతకం ఇచ్చేరు. తెచ్చిన మాట నిజిమే గదా."

ఆయన ఏడవలేదు. చెంబు తీసుకుని గోగులోకి దిగారు. ఇంటికి వచ్చిన తర్వాత ఆ చేలో అడుగు పెట్టడం అదే మొదలు. చెంబు అక్కడ పెట్టి ఉత్త చేతులతో బయటికి వచ్చారు.

ఆ వారంలోనే దానయ్య తల్లి దగ్గరికి వెళ్దామన్నారు. పోరాడుతూ ఒక్క గుండుకి పోయాడని అంతకుముందు ఆమెకి చెప్పి వచ్చారట. "నువ్వూ ఇన్నావు గదా. నువ్వు కూడా రా" అని నన్నూ రమ్మన్నారు. మా ఆయన, నేను, బావగారు బస్సులో కొంత, ఇసకలో కొంత నడిచి వెళ్లాం.

ఆమె ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. బావగారు నిలబడే అంతా చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు. ఆమె చేపలు తిరగేస్తూనే వింది.

"నీల్లియ్యడానికి ఎల్లేడా?" అంది. "అలగైతే ఆడు నా కొడుకే."

తర్వాత తలెత్తి బావగారిని చూసింది. "మరా కుర్రోణ్ణి నువ్వెందుకు సంపీసేవు? నా కొడుకు పేనం ఎట్టి నీల్లోసినోణ్ణి."

ఆమె మరో చేప తిరగేసింది.

"ఆడికీ తల్లుంటాది. నువ్వు నాకాడికొచ్చి సెప్పగలిగేవు. దానికి ఎవుడు సెప్తాడు?"

మాకు అన్నం పెట్టింది. చేపల పులుసు పోసింది. తిన్నంతసేపూ పక్కనే కూర్చుని, కావాలేమోనని చూసి చూసి వడ్డించింది. చేతులు కడుక్కున్నాక బావగారితో, "ఇంక ఈ గుమ్మంలోకి రాకు నాయినా" అంది. తిట్టినట్టు అనలేదు. మామూలుగానే అంది.

అప్పటి నుంచి బావగారు ప్రతి మధ్యాహ్నం కొత్త కుండలో నీళ్లు తీసుకెళ్లి గోగు చేను గట్టున పెట్టి, మూకుడు మూసి వచ్చేవారు. నాకు ఆ గొంతు మళ్లీ వినబడలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఇంకా ఇనిపిస్తాదా బావా?"

"ఇనిపిస్తాది. కుండయితే కాలీ అవుతన్నాది" అన్నారు. పశువులు కాసేవాళ్లు తాగి ఉండొచ్చు. కాకులు మూకుడు దొర్లించి ఉండొచ్చు. నేను వెళ్లి చూడలేదు.

గోగు కోసేశారు. చేను బోడిగా మిగిలింది. అయినా ఆయన కుండ మానలేదు. మరుసటి వేసవిలో, రోహిణి ఎండల్లో ఒక రోజు అలాగే వెళ్లి తిరిగి రాలేదు. పొద్దు వాలుతుంటే మా అత్త, మా ఆయన, నేను వెతుక్కుంటూ వెళ్లాం.

చేను చివర ఒంటి తాటిచెట్టు ఉంది. దాని మొదట్లో వెల్లకిలా పడుకుని ఉన్నారు. ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదు. చీపురుపల్లి నుంచి వచ్చిన డాక్టరు వడదెబ్బ అన్నాడు. మాకూ సందేహం లేదు. నేను చెప్పేది దాని గురించి కాదు.

ఆయన తల కింద తువ్వాలు మడతలు పెట్టి ఉంది. అంచులు కలిపి నీటుగా మడిచి ఉంది. ఒంటి చేత్తో ఆయన తువ్వాలు దులుపుకోవడమే కష్టం. పెదవులు తడిగా ఉన్నాయి. గడ్డం మీద, చొక్కా గుండెల మీద నీళ్లు కారిన తడి ఇంకా ఆరలేదు, అంత ఎండలోనూ. తల పక్కన నేల తడిసి ఉంది. నీళ్ల కుండ అక్కడికి దూరంగా గట్టు మీదే ఉంది, మూకుడు మూసే ఉంది. చెట్టు దగ్గర చెంబు గాని, ముంత గాని ఏదీ లేదు. ఇవన్నీ మేం ముగ్గురం చూశాం.

ఎవరో దారినపోయేవాళ్లు చూసి నీళ్లు పోసి ఉంటారని మా ఆయన అన్నారు. నేనూ అదే అనుకుంటాను. ఇప్పటికీ అనుకోవాలనే చూస్తాను. ఆ పొలాల్లో మాలపేట వాళ్లు తిరుగుతుంటారు. మా ఇంటి మనిషికి తమ చేతి నీళ్లు పోశామంటే పెద్దలు ఏమంటారోనని భయపడి దాచి ఉంటారు. ఆ రోజులు అలాంటివి.

మా అత్తకీ ఆ మాటే తోచింది. దినం అయిన మర్నాడు ఊరంతా ఇల్లిల్లూ తిరిగింది. మాలపేటకీ వెళ్లింది, తన బతుకులో ఏనాడూ వెళ్లని మనిషి. ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించి ఒకే మాట అడిగింది. "నా కొడుకు గొంతు తడిపినోలు ఎవులైనా సరే సెప్పండి. కాల్లట్టుకుంటాను."

ఎవరూ నేనే అనలేదు. ఆ ముసలిదాని ప్రాణం కుదుటపడడానికి ఒక అబద్ధం చెప్పినా సరిపోయేది. అబద్ధం కూడా ఎవరూ చెప్పలేదు.