హెవీ లైసెన్సు రెన్యువల్‌కు పోయిన రోజు

మా ఆయన పోయి నెల తిరగకముందే ఆదిలాబాద్ రవాణా ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మా రెండు లారీల్లో పాతదానికి ఫిట్‌నెస్ గడువు దాటిందనీ, బండిని తెచ్చి చూపించాలనీ అందులో ఉంది. ఇది ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు మేం మంచిర్యాలలో ఉండేవాళ్ళం. నేను కరీంనగర్‌లో పదో తరగతి పాసైన మనిషిని. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ లారీలకు నేను చేసిన సేవంతా దసరానాడు పసుపు కుంకుమలు పెట్టి దండలు వేయడమే. ఫిట్‌నెస్ అంటే ఏమిటో ఆ కాగితం చదివాకే పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకున్నాను.

చుట్టాలందరూ బండ్లు అమ్మేయమన్నారు. వద్దన్నది ఒక్క మనిషే, మా పాత బండి డ్రైవరు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని. "సేటు పోయిండు గని నేను పోలే గదమ్మా. నువ్వు ఫికర్ జెయ్యకు. బండి ఆగది" అన్నాడు. నిజంగానే ఆగలేదు. అడవిలో వెదురు బొంగులు నింపుకుని కాగజ్‌నగర్ మిల్లుకు తోలేవాడు. మా ఆయన అస్థికలు కలపడానికి పిల్లలనూ నన్నూ ధర్మపురికి తీసుకుపోయింది కూడా ఆయనే. మా చిన్నమ్మాయి దారి పొడుగునా ఆయన పక్కనే కూర్చుని గేరు కర్ర పట్టుకుని ఆడింది.

మా ఆయన కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఆర్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, పన్ను రశీదులు, పాత ఫారాలు. నెల రోజులు కూర్చుని ఏది ఎప్పుడు ముగుస్తుందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. బజారులో వాళ్ళు నవ్వారు. లారీ ఓనరంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను మంచిగ చేసుకోవాలి గానీ ఈమె రూళ్ళు చదువుతుందేమిటని. కానీ నాకు రూలంటే ధైర్యంగా ఉండేది. మొగదిక్కు లేని ఇంట్లో ఎవడైనా వచ్చి గొంతు పెంచితే చూపించడానికి నా దగ్గర ఒక కాగితం ఉండేది.

అట్లా రెండేళ్ళు నడిచింది. మూడో ఏడు డ్రైవరన్న హెవీ లైసెన్సు గడువు దగ్గర పడింది. రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మా ఆయన ఉన్నప్పటి నుంచి కాగితాల పనులు చూసే ఏజెంటు ఒకడు సైకిల్ మీద వచ్చాడు.

"ఫోటో, పాత లైసెన్సు ఇయ్యమ్మా. దవాఖాన కాగితం గూడ నేనే తెస్త."

"మనిషి పోకుంట డాక్టరు కండ్లు ఎట్ల జూస్తడు?"

వాడు నవ్వాడు. "ఇన్నేండ్ల సంది గట్లనే అయితుంది. సేటు ఎన్నడూ గిట్ల అడగలే."

ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడనీ, డ్రైవరు స్వయంగా రావాలంటున్నాడనీ అప్పటికే విన్నాను. ఏజెంటును పంపించేశాను. డ్రైవరన్నతో ఆదిలాబాద్ పోయి చూపించుకుని రమ్మన్నాను. మొదటిసారి జ్వరమన్నాడు. తర్వాత అడవిలో లోడు తడుస్తుందన్నాడు. మూడోసారి మరదలి పెళ్ళి అన్నాడు. చదువు రానివాడు కదా, ఆఫీసంటే భయపడుతున్నాడేమో అనుకుని, "పా అన్నా, నేను గూడ వస్త" అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి బండి తీశాడు.

లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా పోయాం. ఉట్నూరు దాటాక అడవిలో మలుపులు. ముప్పై దాటిన క్లీనరు నాకు ఎడమపక్కన కిటికీలోంచి సగం బయటికి వంగి దారంతా అరుస్తూనే ఉన్నాడు. "సైకిలున్నది... పోనీ... ఎడ్లబండి, జర కుడికి... సాఫ్!" వీడికి ఇంత నోరేమిటని విసుక్కున్నాను.

సర్కారు దవాఖానలో డాక్టరు చిన్న వయసువాడు. ముందు ఎడమకన్ను మూసి గోడమీది గుర్తులు అడిగాడు. డ్రైవరన్న అన్నీ చెప్పాడు. నాకు సంతోషమైంది. తర్వాత కుడికన్నుకు అట్టముక్క అడ్డం పెట్టి అడిగాడు. డ్రైవరన్న ఒక్క గుర్తూ చెప్పలేకపోయాడు.

"సరే, నా వేళ్ళు చూసి చెప్పు. ఎన్ని?"

"రెండు సార్."

డాక్టరు వేళ్ళు చూపించలేదు. ఆయన రెండు చేతులూ తెల్లకోటు జేబుల్లో ఉన్నాయి.

డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. "ఈ కంటికి చూపు లేదు. పాత దెబ్బ. ఏళ్ళయి ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈయన ఏం పని చేస్తాడు?" అని అడిగాడు.

"లారీ డ్రైవరు."

టార్చి ఆర్పడం కూడా మరిచిపోయి, "ఇక్కడికి మీరు ఎట్లా వచ్చారు?" అన్నాడు. ధర్మపురి దగ్గర గోదావరి వంతెన, గేరు కర్ర పట్టుకున్న నా బిడ్డ చేయి, ఇందాకటి మలుపులు అన్నీ ఒకేసారి కళ్ళముందుకొచ్చాయి. అప్పుడు అర్థమైంది, క్లీనరు ఎందుకంత అరుస్తాడో.

బయటికి వచ్చాక డ్రైవరన్న అలవాటుగా తాళంచెవి తీశాడు. నేను చేయి చాపాను.

"ఇయ్యన్నా."

"బండి ఇంటికి పోవాలె గదమ్మా."

"ఇయ్యి."

లారీని పక్కనున్న పెట్రోల్ బంకు వాళ్ళతోనే వాళ్ళ ఆవరణలో పెట్టించి, క్లీనరును కాపలా ఉంచి, మేమిద్దరం బస్సెక్కాం. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు వెనక తప్ప కూర్చోని మనిషి, ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. బస్సు ఇంద్రవెల్లి దాటింది.

"ఎన్నేండ్లయింది?" అని అడిగాను.

"ఏడేండ్లు."

"ఎట్లయింది?"

"మన పాత బండికే. చక్రం మీది కమాను పట్టీ ఇరిగితే పిన్ను కొడ్తున్న. సుత్తె దెబ్బకు ఇనుప తునుక ఎగిరి కంట్ల వడ్డది. సేటు నన్ను హైదరాబాద్ తీస్కపోయిండు. నాలుగొద్దులు దవాఖాన్లనే ఉన్నం. కన్ను మాత్రం దక్కలే."

ఏడేళ్ళ కింద మా ఆయన టైర్లు కొనడానికని హైదరాబాద్ పోయి నాలుగు రోజులకు తిరిగి రావడం నాకు గుర్తుంది. ఎందుకింత ఆలస్యమని నేను పోట్లాడాను కూడా.

"అంటే ఆయనకు ఎరుకనా?"

"ఎరుకే. సేటే అన్నడు, ఎవ్వలికీ చెప్పకు, కాగితాల సంగతి నేను జూసుకుంట అని."

"ఇంకెవ్వలకు ఎరుక?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మెకానిక్కుకు, క్లీనరుకు, ఇంట్లదానికి. ఎరుక లేనిది నీ ఒక్కదానికేనమ్మా."

ఇల్లు చేరగానే రేకు పెట్టె తెరిచాను. నోటుబుక్కులో రాసుకునేటప్పుడు తేదీలు మాత్రమే చూసి పక్కన పెట్టిన పాత మెడికల్ ఫారం దొరికింది. కంటిచూపు అన్నచోట 'సరిగా ఉంది' అని రాసి ఉంది. ఆ అక్షరాలు మా ఆయనవి. పెళ్ళికి ముందు నాకు రాసిన ఉత్తరాల్లోనూ అదే కుడికి వాలిన రాత. కింద డాక్టరు సంతకం ఉండాల్సినచోట ఏదో గీత, దానిమీద ఏ ఊరిదో తెలియని రబ్బరు ముద్ర. చిన్న అబద్ధమాడినా చెవులు ఎర్రబడే మనిషి ఆయన. జాలితో చేశాడా, మంచి డ్రైవరు పోతాడని చేశాడా, అడుగుదామంటే మనిషి లేడు. మూడు రోజులు ఆయన ఫోటో ముందు దీపం పెట్టలేదు. పిల్లలు అడిగితే నూనె అయిపోయిందన్నాను.

మేం తిరిగొచ్చిన మరునాడు పొద్దునే డ్రైవరన్న భార్య వచ్చింది. గడపలోనే నిలబడింది.

"కన్ను మీ బండికే ఇచ్చిండు గదా. ఇప్పుడు కన్ను లేదని కొలువు తీస్తవా అమ్మా? ఈ ఏడేండ్లల్ల ఒక్క మేకపిల్లనన్న గుద్దిండా?"

ఆ మాట నిజం. ఒక్క కేసు లేదు. "గుద్దినంక తీస్తే ఏం లాభం వదినె? మన బండ్ల షెడ్డు కాడ పని జూసుకోమను, అదే జీతం ఇస్త" అన్నాను. ఆమె గడప దిగి వెళ్ళిపోయింది.

ఆదిలాబాద్‌లో ఉన్న బండిని వేరే డ్రైవరుతో తెప్పించాను. డ్రైవరన్న మాత్రం షెడ్డుకు రాలేదు. మూడు వారాల తర్వాత మెకానిక్కు చెప్పాడు, పెద్దపల్లి దిక్కు వేరే ఓనరు దగ్గర బొగ్గు లారీ తోలుతున్నాడని. ఆ ఏజెంటే వేరే ఊరి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి లైసెన్సు రెన్యువల్ చేయించాడట. ఆ బండి మీద కొత్త క్లీనరుంటాడు, వాడికి ఎడమపక్కన అరవాలని ఎవరు చెబుతారు? రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు రవాణా అధికారికి నా పేరుతో, నా సంతకంతో ఉత్తరం రాశాను. ఈ డ్రైవరుకు ఎడమకన్ను లేదు, నా దగ్గర పనిచేస్తుండగానే పోయింది, పాత ఫారం అబద్ధం, దాన్ని నింపింది నా భర్త అని కూడా రాశాను. ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.

లైసెన్సు లాక్కున్నారు. అదే వారం డ్రైవరన్న వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"రాసింది నువ్వేనా?"

"నేనే."

"నా నోటికాడి బువ్వ గుంజుకున్నవ్."

ఆయన గొంతు పెంచి ఉంటే భరించేదాన్ని. మెల్లగా అన్నాడు. నేనూ అరుగు దిగి ఆయన ముందు నిలబడ్డాను.

"పాత బండి నీ పేరు మీద జేస్తనన్నా. డ్రైవరును పెట్టుకొని నడిపించుకో."

"నాకు దానం అక్కెర లేదు."

"దానం గాదు. పనిల దెబ్బ తగిలితే ఓనరు ఇచ్చుకోవాలని సర్కారు రూలున్నది. మొన్న వకీలును అడిగిన. మా ఆయన నాడే ఇయ్యాల్సింది. ఇయ్యకుంట నీతోని అబద్ధమాడిపిచ్చిండు."

చనిపోయిన భర్తను వీధిలో నిలబడి అట్లా అంటానని నేనెన్నడూ అనుకోలేదు. డ్రైవరన్న కూడా బిత్తరపోయాడు. "సేటునేమనకు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

పది రోజులకు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురం బస్సులో ఆదిలాబాద్ పోయాం. ఆర్‌సీలో పేరు మార్చే ఫారం మీద ఆయన వేలిముద్ర వేశాడు. అధికారి కాగితాలన్నీ తిరగేసి, ఇక బండి నీదే, నడిపే వాడికి లైసెన్సు ఉండేట్టు చూసుకో అని చెప్పాడు.

"ఓనరుకు కండ్ల పరీక్ష లేదా సార్?" అని అడిగాడు డ్రైవరన్న.

అధికారి నవ్వాడు. "లేదు."

"ఉండాలె" అన్నాడాయన. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా నాతో మాట్లాడలేదు. కాగజ్‌నగర్ మిల్లు గేటు ముందు బండ్ల వరసలో కనిపించినా తల తిప్పుకునేవాడు. ఆయన భార్య మాత్రం వచ్చిపోయేది. ముగ్గురు డ్రైవర్లను మార్చాడని, ఎవరి తోలుడూ నచ్చదని, తను క్లీనరు సీట్లో కూర్చుని వాళ్ళను తిట్టిపోస్తాడని చెప్పేది. మాకు మిగిలిన రెండో బండికి నేను పెట్టుకున్న డ్రైవరు కూడా ఆయన పేరు చెబితే భయపడేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం గొడుగు మడుస్తూ లోపలికి వచ్చాడు. అంగీ లోపల దాచుకున్న కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, పర్మిట్ నోటీసు వచ్చింది. జర సదివి పెట్టు."

చదివి చెప్పాను. ఏ తేదీలోగా పోవాలో, వెంట ఏమేం తీసుకుపోవాలో రెండుసార్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. ఉత్తరం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాన తగ్గేదాకా కూర్చుని, అడవిలో ఈసారి వెదురు బాగా పెరిగిందని, తడిసిన బొంగులకు బరువెక్కువని చెప్పి వెళ్ళిపోయాడు.