నల్లరాళ్ల ఊరిలో తాగని కాఫీ

సుశీలా, వచ్చే వేసవిలో మన యజమానురాలు మామా నిన్నూ ఆ కొండ ఊరికి తీసుకెళ్తానందటగా. అక్కడ ఎలా ఉంటుందని నువ్వు అడిగినప్పుడల్లా పనిలో పడి సగంలో ఆపేశాను. ఎల్లుండి నేను ఇంటికి విమానం ఎక్కుతున్నాను, అందుకే ఈ కాగితాలు.

కువైట్ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే సౌదీ ఎడారి దాటేసరికి పగలంతా గడిచిపోతుంది. రాత్రికి జోర్డాన్‌లో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి సిరియా కొండ ఎక్కుతాం. కారు లేనివాళ్లకు డమాస్కస్ నుంచి బస్సు ఉంది, కొద్ది లీరాలే టికెట్టు. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు మామా చూసుకుంటుంది. ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మాత్రం నీ చేతిసంచిలో ఉంచుకో. దారి పొడుగునా నాకు మా అమ్మాయి రమ తొలి కానుపే ధ్యాస. సెలవు అడిగినప్పుడల్లా మామా "ఇన్షా అల్లా, చూద్దాం" అని దాటేస్తోంది. డ్రైవరు సుబ్బన్న మా కడప మనిషే. మామా కునుకు తీస్తుంటే అద్దంలో నన్ను చూశాడు.

"ఏందక్కా, అట్ట చూస్తాండావు? ఇసక యాడికీ పోదులే. ఇంగోసారి అడగరాదా ఆయమ్మను?"

"అడిగినా నాయనా. ఎన్నితూర్లు అడిగేది?"

ఆ ఊరి ఇళ్లన్నీ నల్లరాయితో కట్టినవే. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల మీద తిరగబడిన ఊరట. మేము దిగిన ఇంటి పెద్దావిడ ఉమ్ సాలిం గోడలో తూటాలు దిగిన గుంటలు చూపించింది. ఒక దానిలో నా చిటికెన వేలు పూర్తిగా పట్టింది.

ఆరోజు శనివారం. వెంకన్నస్వామికి దీపం పెట్టేదాకా నేను మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. పెద్దావిడ ఇచ్చిన కాఫీ గిన్నెను కుడిచేత్తో అందుకుని మెల్లగా చాప మీద పెట్టాను. గదిలో అందరూ మాటలు ఆపేశారు.

"ఏం కావాలో అడుగు బిడ్డా. నువ్వు అడిగేదాకా నేనూ తాగను," అంది పెద్దావిడ.

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు ఆమే చెప్పింది. కోరిక ఉన్న అతిథి కాఫీ తాగకుండా కింద పెడతాడట, తీరుస్తామని మాట ఇస్తేనే తాగుతాడట. తిరుగుబాటుకు మనుషులను అడగడానికి వచ్చినవాళ్లు కూడా ఆ గదిలోనే గిన్నెలు కింద పెట్టారట. "తాగండి, ఊరంతా మీ వెంట వస్తుంది" అన్నాడట ఆమె మామగారు.

శనివారం సంగతి చెబుదామనే నోరు తెరిచాను. "మా అమ్మాయికి కానుపు. నేను ఇంటికి పోవాల," అనేశాను.

ఉమ్ సాలిం మా మామా వైపు తిరిగింది. "అడిగింది నా ఇంట్లో. ఇవ్వవలసింది నువ్వు."

మామా ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి నవ్వేసింది. "ఈ తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే? తాగు. వెళ్దువుగాని. ఖలాస్, ఇక అంతే!"

తాగకపోతే మాట నిలవదు. స్వామికి మనసులోనే చెప్పుకుని తాగేశాను. చేదు. నా శనివారాల్లో తప్పింది అదొక్కటే.

తిరుగుబాటువాళ్లు ఊరినే అడిగిన చోట నేను అడిగింది ఒక సెలవు. నువ్వు వెళ్లినప్పుడు ఊలు శాలువా పట్టుకెళ్లు, సాయంత్రం కాగానే చలి మొదలవుతుంది. కాఫీ ఇస్తే వెంటనే తాగెయ్యి. నిజంగా అడగవలసింది ఉంటేనే కింద పెట్టు.

ఈ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపించకు. వాళ్ల ఆచారం నేను నేర్చుకుని మరీ అడిగానని మామా వచ్చిన చుట్టాలందరికీ మురిసిపోతూ చెబుతోంది. ఆ మురిపెం అలాగే ఉండనీ.