నొప్పి లేదు కదా అన్నాడు మా బావ

నిన్న పొద్దున అక్క నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

అవతల ఏడుపు లేదు, మాట లేదు. వెనకాల ఎవరో ప్రార్థన చేస్తున్న గొంతు మాత్రం వినిపించింది.

అర్థమైపోయింది.

మా బావ దేవసహాయం ఇక లేడు. ముప్పై ఐదు కూడా నిండని మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మణుగూరులో చాలామందికి తెలిసినవాడే. ట్రాలీ ఆటో నడిపేవాడు. ఎండాకాలం వస్తే అడవి పల్లెల నుంచి బీడీలు చుట్టే తునికాకు మూటలు తోలేవాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. పాట అయిపోయినా కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉండేవాడు. పాస్టర్ గారు దగ్గితేగానీ ఆపేవాడు కాదు.

పోయినేడాది ఎండాకాలం లీవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. ఒకరోజు ఆకు లోడు కోసం బావతో పాటు ఒక గూడేనికి వెళ్తే, అక్కడ సుక్కయ్య అని, కొత్తగా పెళ్లయినవాడు, మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు. ఉన్నట్టుండి ఒక పక్క వృషణంలో నొప్పి మొదలైందట. ఒకటే వాంతులు. గాలి సోకిందని వాళ్ల నాన్న పూజారి కోసం మనిషిని పంపాడు.

బావ వాదించలేదు. ఎక్కించిన మూటలు దింపేసి ఆ చోట బొంత పరిచాడు.

"పూజారిని రానియ్ పెద్దాయనా. గీలోపు నేను పిలగాన్ని దవాఖానాకు తీస్కపోత. లేటైతే మంచిగుండదు."

భద్రాచలంలో స్కాన్ చేశారు. సుక్కయ్య చెయ్యి పట్టుకుని బావ లోపలే నిలబడ్డాడు. బాగున్న పక్క స్క్రీన్ మీద ఎరుపు, నీలం రంగులు కదులుతున్నాయట. అది రక్తం పారడం. రెండో పక్క రంగే లేదు. వృషణం మెలిపడి రక్తం ఆగిపోయిందని, వెంటనే ఆపరేషన్ చేయకపోతే దక్కదని డాక్టర్ చెప్పారు.

చేశారు. దక్కింది.

తిరిగొచ్చేటప్పుడు బావ సంబరంగా ఉంటాడనుకున్నాను. కానీ అడవి రోడ్డు మీద బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

"నాకు గూడ ఒక పక్క బరువుగుంటున్నదిరా. క్రిస్మస్ ముందు నుంచే. వరిబీజం అనుకుంట."

బండి తిప్పమన్నాను. ఇప్పుడే వెళ్లి చూపించుకుందామన్నాను.

"నొప్పి లేదు కదరా. ఆకు సీజన్ అయిపోనియ్."

ఆ మాట నాకెందుకో మంచిగా అనిపించలేదు.

సీజన్ అయిపోయింది. వానలు పడ్డాయి. బావకు దగ్గు పట్టుకుంది. ఆకు దుమ్ము అన్నాడు. నడుము నొప్పి మొదలైంది. బండి సీటు బాగాలేదన్నాడు. అడిగినప్పుడల్లా ఏదో ఒక కారణం. ఫోన్‌లో గొంతు మాత్రం రోజురోజుకీ సన్నబడుతోంది.

చివరికి అక్క పోరు పడలేక ఖమ్మం వచ్చాడు. ఖానాపురం హవేలిలో మా ఇంట్లోనే దిగాడు. స్కాన్‌కి నేనే తీసుకెళ్లాను.

చీకటి గది. చల్లటి జెల్ రాస్తే బావ నవ్వాడు. డాక్టర్ కూడా మామూలుగానే మాట్లాడుతున్నారు. చుట్టూ నీరు చేరింది, వరిబీజం ఉంది, ఆ నల్లగా కనిపించేది నీరేనని చూపించారు. చూశావా అన్నట్టు బావ నా వైపు కనుబొమ్మలు ఎగరేశాడు.

ఆ తర్వాత డాక్టర్ స్క్రీన్ వైపు ఇంకాస్త వంగారు.

ఆయన చేతిలోని స్కాన్ ప్రోబ్ మళ్లీ మళ్లీ ఒకే చోటికి వచ్చింది.

నీటి చాటున, వృషణంలోనే ఒక గడ్డ ఉంది. ఆయన స్క్రీన్ మీద కొలతలు తీసుకున్నారు. రెండో పక్క చూశారు. మేం ఏమీ అడగకుండానే కడుపు మీదికి ప్రోబ్ జరిపి అక్కడా చాలాసేపు వెతికారు.

"ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు.

బావ నవ్వు అప్పుడు పోయింది.

వృషణం తీసేశారు. క్యాన్సర్ అన్నారు. అప్పటికే ఊపిరితిత్తుల దాకా పాకింది. హైదరాబాద్‌లో కీమోలు. మందులకు బాగా లొంగే జబ్బేనని, పాకాక కూడా చాలామంది కోలుకుంటారని అక్కడి డాక్టర్లు చెప్పారు. అందరం ఆ మాటే పట్టుకుని బతికాం.

బావకు లొంగలేదు.

కీమోల మధ్యలో ఒక ఆదివారం చర్చిలో మగవాళ్ల కూటం జరిగింది. బావ గోడ పట్టుకుని లేచాడు. తల మీద వెంట్రుక లేదు.

"సిగ్గుపడేటోళ్లు నన్ను జూడుండ్రి. తానం చేసేటప్పుడు బీజాలు చేత్తో చూస్కోండ్రి. గట్టిగ ఏదన్న తగిల్తే స్కాన్‌కి పోండ్రి. నొప్పి రావాల్నని కూసోకుండ్రి."

అందరూ నేల చూపులు చూశారు. ఎవరూ ఆమెన్ కూడా అనలేదు. బయటికొచ్చాక మాత్రం ఒకాయన గేటు దగ్గర తచ్చాడుతూ బావను పక్కకు పిలిచి, స్కాన్ ఎక్కడ తీస్తారని మెల్లగా అడిగాడు. ఆయనెవరో చెప్పను. చూపించుకున్నాడు, అది చాలు.

చివరి వారాల్లో బావ ఊపిరాడక పడుకోలేకపోయేవాడు. దిండ్లు ఆనించుకుని కూర్చునేవాడు. ఒక్కో మాటకి మధ్య ఆగేవాడు. ఆగిన ప్రతిసారీ అక్క ముఖం మారిపోయేది. గదిలో ఎవరం కదిలేవాళ్లం కాదు.

నిన్న సాయంత్రం సమాధి చేశాం. మట్టి వేసేటప్పుడు అక్క నా చెయ్యి వదల్లేదు.

పోయి రా బావా. ఊపిరి కోసం ఇక తిప్పలు పడకు. దేవుని దగ్గర నెమ్మదిగా ఉండు.