ప్రశాంత నిద్ర కోసం పట్టుబడ్డ వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు సర్ది చూడు అని ఎందుకనలేదో నాకు తెలుసు. సర్దినవాళ్లెవరూ వచ్చి చెప్పేదాకా మిగలరు. నేను మిగిలాను. అదీ మా ఇంటామె రాజవ్వ నోటి చలవ వల్ల.

సిరిసిల్లలో మగ్గం నేసే రోజులవి. మా పడకగది అగ్గిపెట్టెకు తమ్ముడు. మంచం కింద మూటలు, మంచం మీద మూటలు, మిగిలిన జాగాలో మేమిద్దరం. బడి మొహం చూడకపోయినా పొట్లాల కాగితాలతోనే చదువు నేర్చుకున్నవాణ్ని నేను. ఒకనాడు పల్లీల పొట్లం మీద ఎవరో పండితుడు రాశాడు: పడకగదిలో సామాను తగ్గితే మనసు నెమ్మదిస్తుంది, పాత మూటలు విప్పకుండానే పారెయ్యాలి, విప్పితే మమకారం పుడుతుంది. ఆ మహానుభావుడు ఎంత బంగళాలో పడుకుని రాశాడో అని ఇప్పుడు ఒళ్లు మండుతుంది కానీ, అప్పుడు కాగితం మీద పడ్డదల్లా వేదమే నాకు.

రాజవ్వ రేషన్ దుకాణానికి పోగానే మూటలన్నీ గోనెసంచిలో కుక్కి మానేరు ఒడ్డుకు బయలుదేరాను. అన్నల కోసం, అదే నక్సలైట్ల కోసం, పోలీసులు ఆకు కదిలినా ఆపి అడుగుతున్న కాలం. అలాంటి కాలంలో సంచి భుజానేసుకుని వాళ్ల ముందు నుంచే నడిచాను, పులి నోట్లో తలపెట్టి ఆవులించినట్టు.

ఎస్సై సంచి విప్పించాడు. చిరిగిన బొంతలు, నూలు చుట్టే విరిగిన కండెలు, అడుగున పాత ధోవతిలో చుట్టిన అచ్చు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అచ్చంటే పొడుగాటి దువ్వెన లాంటిది. పడుగు పోగులు, అంటే నిలువు దారాలన్నీ, దాని పళ్ల సందుల్లోంచే పోతాయి. నేత అయిపోయినా ఆ పోగుల కొసలు తియ్యం. కొత్త పడుగును వాటికే అతుకుతాం. కొసలు పోయాయా, ప్రతి పోగునూ మళ్లీ సందుల్లో దూర్చుకుంటూ కూర్చోవాలి. మా కొత్త పడుగు మరునాడే మగ్గమెక్కాలి.

కానిస్టేబుల్‌ది కోరుట్ల, నేత ఇంట్లో పుట్టినవాడు. అచ్చు చూసి కళ్లు చిన్నవి చేశాడు.

"నేతోడెవడన్న పోగులున్న అచ్చు పారగొడ్తడా సార్? గీయన నేతోడు కాదు. ఏషం ఏసుకున్నడు."

ఆ రోజుల్లో వేషం అన్న మాట మీద పడితే మనిషి ఇల్లు చేరడం అనుమానమే.

"ఎందుకు పారేస్తున్నవ్‌రా?" అన్నాడు ఎస్సై.

"మంచిగ నిద్ర పట్టాలని సార్."

"నిద్ర పట్టనంత పని ఏం చేసినవ్?"

పల్లీల కాగితం సంగతి చెబితే, ఏ దళం కరపత్రమని అడిగాడు. ఠాణాలో ఒక గదిలో పడేశారు. మంచం లేదు, మూట లేదు, గోడకు మేకు కూడా లేదు. నమ్మండి, వణుకుతూనే గురకపెట్టాను! పండితుడి మాట నిజమే, జాగాయే తప్పు.

ఎవరు చెప్పారో, రాజవ్వ వచ్చింది. నా దిక్కు చూడనైనా లేదు.

"నా అచ్చేది సారూ?"

"ముందు వీడెవడో చెప్పమ్మా. నేతోడేనా?"

"నేతోడా? గీనె మగ్గం మీద కూసుంటే మగ్గమే ఏడుస్తది సారూ."

ఇక మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో చెడగొట్టిన పడుగు, అంచు వంకరపోయిన చీర, అద్దకంలో మాడ్చిన నూలు, మొన్న చదువుతూ తెంపిన పోగులు, నేను మరిచిపోయినవి కూడా వరుసగా అప్పజెప్పింది. కానిస్టేబుల్ ఒక్కోదానికీ తల ఊపుతూ, చివరికి ఎస్సై వైపు తిరిగాడు.

"నేత రానోడు గిన్ని తప్పులు చెయ్యలేడు సార్. ఇడిసిపెట్టుండ్రి."

లోకంలో ఎంతమంది పనితనం చూపి గెలిచారో తెలియదు. పనికిమాలినతనం నిరూపించుకుని ప్రాణాలతో గెలిచినవాణ్ని నేనే. అచ్చు భుజానికెత్తుకుని, పెళ్లికొడుకులా రొమ్ము విరుచుకుని బజారంతా నడిచాను, వెనకాల రాజవ్వ తిట్లే మేళంగా.

మానేరు దిక్కు తిరిగి అప్పుడే ఒట్టుపెట్టుకున్నాను: బతికినన్నాళ్లూ మా పడకగదిలో సూదిని కూడా కదిలించను. మరీ ఊపిరాడకపోతే, పారెయ్యాల్సిన సామానుగా నన్నే ఎంచుకుని, వాకిట్లో పడుకుంటాను.