తెలుగు రాని కాపలా మనిషి

మొన్న శుక్రవారం పొద్దున మా మామూ, అంటే మా అమ్మ అన్న, దవాఖానలో కన్నుమూశాడు. ఫోన్ చేసిన అమ్మను "ఎవరు చెప్పిన్రు? నువ్వు చూసినవా?" అని నిలదీశాను. నా తప్పు కాదు, మాది అనుమానాల ఇల్లు.

మేము సిద్దీలం. నిజాం గుర్రపు దళంలో పని చేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. తరాలుగా, ఆ దళం పేరే మిగిలిన ఏసీ గార్డ్స్ బస్తీలోనే పుట్టి పెరిగినా, మా నల్లటి ఒళ్లు, రింగుల జుట్టు చూసి ఆటోవాలాలు ఇప్పటికీ ఇంగ్లీషులోనే బేరమాడతారు. అందరూ మమ్మల్ని అనుమానిస్తుంటే మేమూ అందరినీ అనుమానించడం నేర్చుకున్నాం. కూరగాయలామె రెండు వంకాయలు కొసరు వేస్తే చాలు, మామూ "గింత ప్రేమెందుకు? పుచ్చులున్నయేమో చూడు" అనేవాడు.

నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆయనే. పెళ్లి బారాత్‌లలో మర్ఫా డప్పు వాయించేవాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్‌లతో బారాత్‌లు తగ్గిపోయాయి. నా పాలిటెక్నిక్ ఆగిపోతుందని మాదాపూర్ అవతల ఓ కంపెనీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. ఆ వారం నుంచే ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. ఏమడిగినా తలూపుడే. బస్తీలో అందరికంటే పెద్ద గొంతు ఆయనది! అమ్మ జేబులు వెతికింది. నేను చొక్కా వాసన చూశాను. ఇంకో సంసారం పెట్టాడని ఇద్దరం తేల్చేశాం.

ఓ రోజు ఆయన వెనక తలుపు నుంచి బస్సెక్కితే, నేను ముఖానికి చున్నీ చుట్టుకుని ముందు తలుపు నుంచి ఎక్కాను. గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడి, ఏమీ ఎరగనట్టు ఆయన గురించి అడిగాను.

"గాయనా? ఆఫ్రికాయన. తెలుగు రాదు. లోకలోడైతే ఉద్యమపోళ్లకు గేటు తీస్తడని గిసొంటోన్ని పెట్టుకున్నరు," అన్నాడు చాయ్ అతను.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో ర్యాలీ వచ్చింది. గేటు ముందు ఓ ముసలాయన ఎండకు కూలబడి, "బిడ్డా, జర నీళ్లు," అన్నాడు. మామూ లోపలికి చూశాడు, బయటికి చూశాడు.

"కూసో పెద్దయ్యా, లెవ్వకు. తెస్త," అన్నాడు.

"ఓర్నీ, మనోడే!" అని ఎవరో అరిచారు. వెంటనే ఇంకొకడు, "మరి ఇన్నొద్దులు ఎందుకు దాచినవ్? ఎవని మనిషివి నువ్వు?" అని మీదికొచ్చాడు. లోపలి నుంచి సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, "నువ్వు మొదట్నుంచీ వాళ్ల మనిషివే కదూ?" అని టోపీ లాక్కున్నాడు. మామూ వెళ్లి తన నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ముసలాయన తాగేదాకా పక్కనే కూర్చుని, చున్నీ చుట్టుకున్నా నన్ను గుర్తుపట్టి రోడ్డు దాటి నా దగ్గరకొచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవ్?"

"నీకు చాటుగ పెండ్లాం ఉందేమోనని."

కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంట్ల మాట్లాడే అలవాటుంటే ఈడ నోరు జారుతదని బంద్ పెట్టిన. జారనే జారె. నువ్వు ఫికర్ చెయ్యకు, చదువు మానకు."

నాకు సిగ్గేసింది. ఆయన మాట దాచుకున్నది నా కోసం, నేను వాసన చూసింది ఆయన చొక్కాను.

తిరుగు బస్సులో నా సీటు పక్కన రాడ్ పట్టుకుని నిలబడి మామూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఎండ గురించి, మర్ఫా తోలు గురించి, ముందు సీటామె ఒళ్లో ఉన్న కోడిపిల్లల గురించి. మా స్టాప్ వచ్చింది. ఆయన చూసుకోలేదు. నేను చెప్పలేదు.