ఏసన్నకు ఏసీ అంగడిలో నచ్చినవీ నచ్చనివీ

నందికొట్కూరులో ఏసన్నను ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై నాలుగేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఊళ్లో సగం మంది ఆయన చేత ఒక్కసారైనా తిట్లు తిన్నవాళ్లే. "లోపలికి జరగండప్పా, లోపల ఇంకో బస్సుకు పట్టే జాగా ఉండాది" అని ఆయన అరిస్తే, ఒంటికాలి మీద వేలాడుతున్న వాళ్లు కూడా ఆ జాగా యాడుందో అని తలలు తిప్పి చూసేవాళ్లు. చిల్లర విషయంలో ఆయనది ఒకటే పద్ధతి. టికెట్టు వెనకాల రాసిచ్చి, దిగేటప్పుడు అడగమనేవాడు. దిగేటప్పుడు మనిషి రెండో కాలు నేలకు ఆనకముందే రైట్ రైట్ అనేవాడు. రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పి ఆయన నిజాయితీని గంటసేపు పొగిడారు. ఏసన్న శ్రద్ధగా విని, అంతా నిజమేననుకున్నాడు.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్య రత్నమణీ. అదిలించడానికి ఒక్క మనిషి చాలదు. రత్నమణి అంగన్‌వాడీ టీచరుగా చేసి మానుకుంది. ఇరవై మంది మూడేళ్ల పిల్లలను రోజంతా కూర్చోబెట్టగలిగిన మనిషికి కండక్టరు అరుపు ఒక లెక్కలోది కాదు. రెండు నెలలు చూసి, పొద్దున తొమ్మిది దాటాక ఇంట్లో కనబడొద్దని ఆయనకు చెప్పేసింది.

ఆ ఏడే ఆత్మకూరు రోడ్డులో, ఒకప్పటి పత్తిగింజల గోడౌనును అద్దాల మేడ చేసి సూపర్ మార్కెట్టు తెరిచారు. దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది గానీ ఊరంతా దాన్ని ఏసీ అంగడి అనే అంటుంది. రత్నమణి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆడవాళ్లతో కలిసి పోయి చూసొచ్చి, దాని చల్లదనం గురించి పాస్టరుగారి ప్రసంగం కంటే వివరంగా చెప్పింది. ఏసన్న ఆ అంగడి గడప తొక్కకుండానే దాని మీద ఒక అభిప్రాయానికి వచ్చేశాడు. సరుకు మనమే వెతుక్కోవాలంట, మనమే తీసుకోవాలంట, మనమే బండిలో వేసుకుని తోసుకుంటా పోవాలంట. కూలీ మనదే, దుడ్లూ మనవే అయితే మధ్యలో అంగడాయన చేసే పనేందని ఆయన ప్రశ్న. చర్చి సంఘంలో పెద్దలను కూడా అదే అడిగాడు. అడిగినప్పుడల్లా వాళ్లు అదే అంగడికి పోతూ కనిపించేవాళ్లు.

ఆయన గడప తొక్కింది ఏప్రిల్ నెలాఖరులో. వీధిలో కరెంటు పోయింది. రేకుల మీద కాకులు కూడా వాలడం లేదు. బియ్యం మూట మోయడానికి మనిషి కావాలని రత్నమణి అంటే, ఇష్టం లేనట్టు ముఖం పెట్టుకుని ఆమె కంటే ముందు బయల్దేరాడు.

వాకిట్లోనే మొదటి అవమానం జరిగింది. గార్డు యూనిఫారంలో ఉన్న నలభై ఐదేళ్ల ఆడమనిషి ఆయన చేతిసంచి తీసుకుని, పద్నాలుగు అని రాసిన రేకు బిళ్ల చేతిలో పెట్టింది. ఆమె పేరు హులిగెమ్మ అని చొక్కా మీద రాసుంది. జీవితమంతా ఇతరుల చేతుల్లో నెంబర్లు పెట్టిన ఏసన్నకు అది మింగుడుపడలేదు. తనను దొంగనుకుంటున్నారా అని అడిగాడు. అందరి సంచులూ తీసుకుంటామని ఆమె చెప్పింది. అందరితో కలిపి దొంగను చేస్తే గౌరవమెట్లా అవుతుందని అడగబోయేలోగా అద్దాల తలుపు తెరుచుకుంది. లోపలి చల్లగాలి ఆయన ముఖానికి తగిలింది. అడగాల్సింది మరిచిపోయాడు.

లోపల మొదట కనబడింది కొర్రలు. అరికెలు, సామలు కూడా వాటి పక్కనే, కాళ్లు మడిచి కళ్లు మూసుకున్న ఒక సన్నటి అమ్మాయి బొమ్మ ఉన్న ప్యాకెట్లలో, బియ్యానికి మూడింతల ధరకు కొలువుతీరి ఉన్నాయి. ఏసన్న చిన్నప్పుడు వరన్నం క్రిస్మస్‌కు, ఈస్టరుకు మాత్రమే. మిగిలిన దినాలన్నీ వాళ్లమ్మ కొర్రన్నమే పెట్టేది. అది లేమి అని అరవై ఏళ్లుగా బాధపడ్డాడు. తాను పుట్టుకతోనే శ్రీమంతుల తిండి తిని పెరిగాడని ఈ అంగడి వాళ్లు చెప్పేదాకా ఆయనకు తెలియనే లేదు.

ఫినాయిలు ఒకటి కొంటే ఒకటి ఉచితం అని రాసుంటే రెండు తీసుకున్నారు. ఇంట్లో ఉన్నవి రెండు గదులే. బండి చక్రాలు శబ్దం లేకుండా తిరగడం ఆయనకు నచ్చింది. తూకం మిషను అంకెను అందరికీ కనబడేట్టు చూపించడం నచ్చింది. అవి ఒప్పుకోవడం ఇష్టం లేక, టమోటాలు చేత్తో నొక్కి ఇవేం టమోటాలు అని అన్నాడు.

బిల్లు దగ్గర దీవెన అనే అమ్మాయి కూర్చుంది. ముందు ఫోను నెంబరు చెప్పమంది. కందిపప్పు కొన్నందుకు తనకు ఫోను చేసి మాట్లాడే సంగతులేమున్నాయని ఏసన్న అడిగాడు. ఆమె నవ్వి బిల్లు కొట్టింది. తర్వాత మిగిలిన చిల్లర బదులు రెండు చాక్లెట్లు చేతిలో పెట్టింది.

ఏసన్నకు ఒళ్లు మండింది. చిల్లర అనేది కొనేవాని సొత్తని, దాన్ని ఎగ్గొట్టే హక్కు ఎవరికీ లేదని లైనంతా వినబడేట్టు చెప్పాడు. "చిల్లర పెట్టుకోలేనప్పుడు అంగడి ఏంటికి తెరిచినారమ్మా?" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడం విని రత్నమణి పక్కనున్న సబ్బుల వైపు తిరిగి నిలబడింది. సబ్బులు చూడాల్సినంత సేపటికంటే ఎక్కువసేపే చూసింది.

బయటికొచ్చేటప్పుడు హులిగెమ్మ బిల్లు అడిగింది. సంచిలోకి తొంగి చూసి, బిల్లుకు ఒక చిల్లు పొడిచి ఇచ్చింది. అన్నిటికంటే ఇదే ఆయనను శానా నొప్పించింది. దుడ్లు కట్టినాక కూడా సంచి చూస్తారా అని ఆమెతో వాదం వేసుకున్నాడు. రూలు సార్ అంది ఆమె. ఆ మాట ఎదుటివాళ్ల నోట వింటే ఇంత చేదుగా ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక ఆ అంగడిలో మళ్లీ కాలు పెట్టనని ప్రకటించాడు. మరుసటి రోజు మధ్యాహ్నం మూడింటికి అక్కడే ఉన్నాడు.

రోజూ పోసాగాడు. ఒక బిస్కెట్ ప్యాకెట్టు కొనడానికి గంటంపావు పట్టేది. అట్లా తిరుగుతుండగా బిల్లు దగ్గర లైను పరిస్థితి ఆయన కంటపడింది. ఒక్క షాంపూ పొట్లం పట్టుకున్నవాళ్లు, ఒక్కటే కదా అని ముందుకు దూరుతున్నారు. బండినిండా సరుకులున్నవాళ్లు బండిని లైనులో నిలబెట్టి తాము మళ్లీ కొనడానికి పోతున్నారు. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఊరికే చూస్తూ ఉండలేకపోయింది. "ఒకరి వెనకొకరు రాండప్పా, బండి కాడ మనిషుండాల" అని ఒక కేక వేశాడు. లైను సర్దుకుంది. చాన్నాళ్ల తర్వాత ఏసన్నకు ఆ రాత్రి మాత్ర లేకుండా నిద్ర పట్టింది.

మేనేజరు భూపేష్ ఆ అంగడి యజమాని మేనల్లుడు, బెంగుళూరులో చదివొచ్చినవాడు. మొదట ఏసన్నను చూసి పైఆఫీసు నుంచి వచ్చిన మనిషనుకుని రెండు రోజులు టీ తెప్పించాడు. అట్లాంటి మనిషి కాదని తెలిశాక టీ ఆగింది. లైను మాత్రం సక్రమంగా నడుస్తోంది కాబట్టి పొమ్మని అనలేదు. జీతం లేని పనిమనిషిని వద్దనేంత చదువు అతను చదవలేదు.

ఇట్లా మూడు వారాలు గడిచాక పెన్ను సంగతి జరిగింది. సబ్బులు మూడు కొంటే ఒకటి ఉచితమన్న కట్ట చవకా, విడిగా నాలుగు కొంటే చవకా అన్నది ఏసన్న తేల్చాలనుకున్నాడు. పుస్తకాల అర దగ్గర ఒక పెన్ను తీసి అరచేతిలో రాసి చూశాడు. నాలుగు విడిగా కొంటేనే చవకని తేలింది. ఆ సంతోషంలో పెన్నును చెవి మీద పెట్టుకున్నాడు. సర్వీసంతా పెన్ను అక్కడే ఉండేది. చెయ్యి దానంతటదే పెట్టింది. ఒక బిస్కెట్ ప్యాకెట్టుకు బిల్లు వేయించుకుని బయటికి నడిచాడు.

హులిగెమ్మ బిల్లు చూసింది, ప్యాకెట్టు చూసింది, ఆయన ముఖం చూసింది.

"చెవి మీది పెన్ను బిల్లులో లేదు సార్."

వెనక ఎనిమిది మంది ఉన్నారు. అందరూ ఆయనే వరసలో నిలబెట్టినవాళ్లు. అది తన పెన్నేనని ఏసన్న గట్టిగా చెప్పాడు. చెబుతూ చెయ్యి పైకెత్తితే, పెన్నుకు అంటించిన ధర చీటీ వేలికి తగిలింది.  టికెట్టు లేకుండా పట్టుబడినవాళ్లు మొదట నాది కాదని, తర్వాత మరిచిపోయానని చెప్పడం కొన్ని వందలసార్లు విని నవ్వినవాడు ఆయన. ఇప్పుడు తను మరిచిపోయింది నిజమే. అయినా ఆ మాట బయటికి రాలేదు.

హులిగెమ్మ ఆయనను పక్కకు పిలిచి, వెనకవాళ్లను ముందు పంపించింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"మీకు గుర్తుండదులే సార్. ఆలూరు బస్సులో నేను టమోటా గంపలు తెచ్చుకుంటాంటి. రెండు గంపలకు లగేజీ కట్టినా. మూడోది సన్నది, ఒళ్లో పెట్టుకున్నా. దానికీ కట్టమంటిరి. నా కాడ దుడ్లు ల్యాకుంటే గంపను దోవలో దించేస్తిరి. గంప ఇడిసిపెట్టి యాడ పోదును? నేనూ దిగితి. ఇంకో బస్సు వచ్చేసరికి మార్కెట్టు అయిపాయ."

ఏసన్నకు నిజంగానే గుర్తులేదు. అట్లాంటి గంపలు ఆయన చేతి మీదుగా వేలల్లో దిగాయి.

"మిమ్మల్ని అనాలని కాదు సార్. పోయి బిల్లేయించుకుని రాండి. నేనెవరికీ చెప్పను" అంది ఆమె.

ఆయన పోయి లైను చివర నిలబడ్డాడు. ఆ రోజు లైను శానా పొడుగుంది. దీవెన ఫోను నెంబరు అడిగితే పది అంకెలూ మాట్లాడకుండా చెప్పేశాడు.

తర్వాత పది రోజులు ఏసీ అంగడి వైపు పోలేదు. బజారు వీధిలో నాగలక్ష్మమ్మ కిరాణా అంగడికి పోయాడు. మనిషికీ మనిషికీ మధ్య ఉండే వ్యాపారమంటే అదీ అని ఆయన ఎన్నోసార్లు పొగిడిన అంగడి అది. నాగలక్ష్మమ్మ ఆయన అడిగిన పప్పు ఇవ్వకుండా తన దగ్గరున్న పప్పు ఇచ్చింది. తూచేటప్పుడు తక్కెడ మీద బొటనవేలు ఆనించింది. అది అలవాటే తప్ప మోసం కాదన్నట్టు మోకాలి నొప్పి గురించి చెబుతూనే ఉంది. అంగట్లో ఫ్యాను తిరిగేది ఆమె వైపుకే. అంతా అయ్యాక, ఏసీ అంగడిలో మిక్సీ ఎత్తుకుపోతూ దొరికినావంట, నిజమేనా అని అడిగింది. పెన్ను బజారు వీధికి వచ్చేసరికి మిక్సీ అయిందన్నమాట. ఇంకో రెండు వీధులు దాటితే ఫ్రిజ్జు అయ్యేది.

ఏసన్న అక్కడి నుంచి నేరుగా ఏసీ అంగడికి నడిచాడు. హులిగెమ్మ వాకిట్లోనే ఉంది. ఆయన ఏమీ అడగకముందే, తాను ఎవరికీ చెప్పలేదని ఆమె చెప్పింది. ఆయన నమ్మాడు. ఆ ఎనిమిది మందిలో తనకు పరిచయం లేనివాళ్లు ఒక్కరూ లేరని దోవలోనే గుర్తుకొచ్చింది.

క్షమించమని అడగాలని వచ్చాడు. ఆ మాట వాడి చాలా ఏళ్లయింది; చర్చిలో దేవుణ్ణి అడగడం వేరు. పప్పు సంచి తీసుకుని ఆమె ఇచ్చిన రేకు బిళ్లను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఒళ్లో పెట్టుకునేది లగేజీ కిందికి రాదు. ఆ మూడో గంపకు అడగడం తప్పు. రూలు నాకు తెలుసు. తెలిసే అడిగింటా" అన్నాడు.

 హులిగెమ్మ, "ఇప్పుడు చెప్తాండారా సార్" అని, ఎవరో వస్తే వాళ్ల సంచి అందుకుంది. ఆయనను పొమ్మనలేదు, రమ్మననూ లేదు. ఏసన్న లోపలికి పోయాడు. ఆ రోజు లైనులో ఎవరినీ అదిలించలేదు. లైను అడ్డదిడ్డంగా నడిచింది, అయినా సాయంత్రానికి అందరూ ఇళ్లకు చేరారు.

మళ్లీ రోజూ పోతున్నాడు. హులిగెమ్మ బిల్లు అడిగితే ముందే చేతిలో పట్టుకుని ఉంటాడు. బిస్కెట్లు తింటే షుగరు పెరిగిందని డాక్టరు చెప్పడంతో, ఇప్పుడు లోపలికి పోయిన గుర్తుకు ఒక ఉప్పు ప్యాకెట్టు కొంటాడు. ఏదో ఒకటి కొనకుండా వట్టి చేతులతో బయటికి రావడం ఆయనకు మర్యాదగా తోచదు.

జూన్ మూడో వారంలో రత్నమణి వంటింటి గూడు తెరిచి చూస్తే పదకొండు ఉప్పు ప్యాకెట్లున్నాయి. ఊరగాయలు పెట్టే రోజులు అయిపోయాయి. ఇంట్లో తినేది ఇద్దరు, ఆ ఇద్దరికీ బీపీ. ఆమె కోప్పడలేదు. కొనక తప్పదనుకుంటే ఈసారి కనీసం నూనె ప్యాకెట్టు తెమ్మంది. ఏసన్న ఆలోచించి చూశాడు. నూనె ఖరీదెక్కువ. గంటసేపు ఏసీలో తిరగడానికి ఉప్పు సరైన చార్జీ అని లెక్క తేల్చి, మరుసటి రోజు పన్నెండో ప్యాకెట్టు తెచ్చాడు.